అరుగు మీది కొలతలు – శంషాబాదు దారిలో దర్జీ పని చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాసి పంపవలసిందని మన సంఘ కార్యవర్గం వారు కోరారు. కోటలు, దేవాలయాలు, నవాబుల గురించి సాధికారంగా వ్రాయగల పెద్దలు మన సభ్యులలో ఎందరో ఉన్నారు. నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి 2008లో పదవీ విరమణ చేసినవాణ్ణి. నాకు తెలిసింది కొలతల కాగితాలు. భూమి కొలతలు వ్రాసి వ్రాసి ఎలాగూ అలసిపోయాను గనుక ఈసారి ఒంటి కొలతల గురించి వ్రాస్తాను. అంగీకి, ప్యాంటుకి, షేర్వానీకి, కోటుకి దర్జీ తీసే కొలతలు. మా చిన్నతనంలో అవి మన ఇంటి అరుగు మీదనే తీసేవారు. తరువాత మనమే దుకాణానికి పోయి ఇచ్చాము. ఇప్పుడు మళ్ళీ ఆ పని ఇంటికి వచ్చింది. అయితే దర్జీ రావడం లేదు, టేపు ఒక్కటే వచ్చింది. ఫోనులో ఫారం తెరిచి మీ ఛాతీ ఎంత, మీ భుజం ఎంత అని అడుగుతున్నారు. ఏమి వ్రాయాలో తెలియక నన్నడిగిన సభ్యులు ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ మనందరికీ కంఠస్థమే. పేరు, తండ్రి పేరు, క్రీస్తు శకం ప్రకారం పుట్టిన తేదీ, తరువాత కొలిచి చూసిన ఖచ్చితమైన ఎత్తు, దాని క్రింద గుర్తింపు కోసం పుట్టుమచ్చలు. మన గుమాస్తాల ఒంటి నుండి సర్కారు తీసుకున్న కొలత ఆ ఎత్తు ఒక్కటే. పోలీసు శాఖవారికి మాత్రం ఛాతీ కూడా కొలిచేవారు. కానిస్టేబులు ఎంపికకు పురుషుల ఎత్తు 167.6 సెంటీమీటర్లు, ఊపిరి నిండా పీలిస్తే ఛాతీ 86.3 సెంటీమీటర్లు ఉండాలని, అలా పీల్చినప్పుడు కనీసం 5 సెంటీమీటర్లు పెరగాలని నియమం ఉండేది. ఈ దశాంశాలు ఎక్కడివా అని నేను కొత్తలో ఆశ్చర్యపడేవాణ్ణి. లెక్క కట్టి చూస్తే 5 అడుగుల 6 అంగుళాలు, 34 అంగుళాలు! చట్టం మారి మెట్రిక్ పద్ధతి వచ్చినా కొలిచినవాడి టేపులో పాత అంగుళాలే కూర్చున్నాయన్న మాట. ఈ సంగతి దర్జీ దగ్గర ఇంకా బాగా కనిపిస్తుంది, దాని దగ్గరకు వస్తాను.

ముందు ఒక మౌలిక విషయం. మన పెద్దలకు చాలాకాలం ఒంటి కొలతతో పనే లేదు. పంచె, ఉత్తరీయం, తలపాగా – మూడూ కుట్టని బట్టలే. పంచెకు కావలసింది పొడవు ఒక్కటే, అది కూడా మూరల్లో చెప్పేవారు. మోచేతి నుండి నడిమి వేలి కొన దాకా మూర, రెండు చేతులు చాపితే బార, బొటనవేలు చిటికెనవేలు చాపితే జాన. అంటే ఒళ్ళే కొలబద్ద, బట్ట కొలవబడేది. దర్జీ వచ్చిన తరువాత ఇది తారుమారై బద్ద వేరే అయింది, ఒళ్ళు కొలవబడేది అయింది. కుట్టిన బట్ట మనకు రాజాస్థానాల ద్వారా వచ్చిందనడానికి శ్రీనాథుని మీద ఉన్న చాటువు మంచి సాక్ష్యం. పదిహేనవ శతాబ్దంలో విజయనగరం ప్రౌఢదేవరాయల దర్శనానికి పోయి, కుళ్ళాయి పెట్టుకొని పెద్ద కూర్పాసం తొడుక్కోవలసి వచ్చిందని ఆ కవిసార్వభౌముడు వాపోయినట్లు అందులో ఉంటుంది. ఆ కూర్పాసం ఆయన కొలతకు కుట్టించిందో, ఎవరిదైనా తెచ్చి తొడిగారో చాటువులో లేదు. వాపోయిన తీరు చూస్తే రెండవదే అయి ఉంటుందని నా అనుమానం.

గజం కూడా మొదట ఒంటి నుండి పుట్టిందే. అక్బరు కాలపు ఇలాహీ గజం 41 వేళ్ళ వెడల్పు అని అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో లెక్క చెప్పాడు. ఇంగ్లీషువారి ఏలుబడిలో గజం 36 అంగుళాలకు స్థిరపడింది. అందులో 16వ భాగం గిరహ్, అంటే రెండుంపావు అంగుళాలు. నా చిన్నప్పుడు బట్టల దుకాణంలో ఇనుప గజంబద్ద మీద ఈ గిరహ్ గీతలు ఉండేవి. "రెండు గజాల నాలుగు గిరహ్‌లు" అని షావుకారు అరిస్తే లోపల గుమాస్తా పద్దు వ్రాసేవాడు.

ఇక మన ప్రాంతానికి వస్తాను. శంషాబాదు అన్న పేరు పైగా ప్రభువుల షమ్స్-ఉల్-ఉమ్రా అన్న బిరుదు మీదుగా వచ్చిందంటారు. అమీరులలో సూర్యుడు అని ఆ మాటకు అర్థం. నిజాము తరువాత అంతటి పైగా అమీరుల దేవిడీలలో, కచేరీలలో కొలువు చేసేవారి ఉడుపు షేర్వానీ. ఇది పందొమ్మిదవ శతాబ్దంలో పాత అంగరఖా, అచ్కన్ వరుసకు ఇంగ్లీషువారి పొడవు కోటు తోడై తయారైన ఉడుపు. కొలతల చరిత్రలో షేర్వానీకి ప్రత్యేక స్థానం ఇవ్వాలని నేనంటాను. కారణం చెప్తాను. అంగరఖాను బొందులతో కడతారు. ఒళ్ళు వస్తే బొందు వదులు చేస్తాం, తగ్గితే బిగిస్తాం. పైజామాకు, పాతకాలపు లాగుకు కూడా బొందే. బొందు ఉన్నంతకాలం నడుము ఎంతో ఎవడికీ పట్టలేదు. షేర్వానీకి మెడ నుండి నడుము దాకా వరుసగా గుండీలు. గుండీ అర అంగుళం తేడాను కూడా ఒప్పుకోదు. పట్టేస్తుంది, లేదా ముడత పడుతుంది. గుండీ వచ్చిన తరువాతనే దర్జీకి కొలత అవసరం నిజంగా పడింది.

ఆ కొలతల పేర్లన్నీ హైదరాబాదు ఉర్దూలోనే ఉండేవి, పాత దర్జీల నోట ఇప్పటికీ ఉన్నాయి. పొడవుకు లంబాయి, ఛాతీకి సీనా, నడుముకు కమర్, మెడకు గలా, చేతికి ఆస్తీన్. ఈ భుజం కొస నుండి ఆ భుజం కొస దాకా తీరా. లాగు గోచీ భాగానికి ఆసన్, అడుగున కాలి చుట్టుకొలతకు మోహ్రీ. తెలుగు దర్జీ అయినా "సీనా అడ్తీస్, కమర్ ఛత్తీస్" అని పలుకుతూనే తెలుగులో వ్రాసుకునేవాడు. ఆఫీసు ఫైళ్ళలో మనం మిస్‌లు, తఖ్తా, పహాణీ అన్నట్లే.

బట్టల ముచ్చట వచ్చినప్పుడు ఇద్దరు నిజాముల సంగతి చెప్పకుండా ఉండలేము. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ (1869 నుండి 1911 వరకు పాలన) ఒకసారి తొడిగిన ఉడుపు మళ్ళీ తొడగలేదని ప్రతీతి. పురానీ హవేలీలో ఆయన బట్టల కోసం కట్టించిన రెండంతస్తుల చెక్క అలమార ఒక హాలు పొడవునా ఉంది. అక్కడ 2000లో నిజాం మ్యూజియం తెరిచారు, సభ్యులు మనుమలతో వెళ్ళి చూడదగినది. ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇందుకు పూర్తిగా ఎదురు. 1937 ఫిబ్రవరిలో అమెరికా టైమ్ పత్రిక ముఖచిత్రానికెక్కిన ఆ మహా ధనవంతుడు మాసిన షేర్వానీ, పాత రూమీ టోపీతో గడిపేవాడని అందరూ చెప్పుకునేదే. తండ్రి దర్జీకి తీరిక లేదు, కొడుకు దర్జీకి పని లేదు.

1948 సెప్టెంబరు తరువాత రూమీ టోపీ కచేరీలలో కనబడడం తగ్గింది. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కర్నూలు నుండి కార్యాలయాలు హైదరాబాదు వచ్చాయి. నేను ఉద్యోగంలో చేరేనాటికి షేర్వానీ వేసుకొని వచ్చే పెద్ద గుమాస్తాలు ఇద్దరో ముగ్గురో మిగిలారు. మిగతా అందరం బుష్‌షర్టు, ప్యాంటు. షేర్వానీ మెల్లగా పెండ్లికొడుకు ఉడుపుగా మిగిలింది.

ఇదంతా పట్నం సంగతి. పల్లెలో దర్జీ అంటే మేరాయన. సర్కారు వెనుకబడిన తరగతుల జాబితాలో మేర అన్న పేరు పక్కన బ్రాకెట్లో దర్జీలు అని ఉంటుంది. మా ఊరు శంషాబాదుకు నాలుగు మైళ్ళు. ఎటైనా రైలెక్కాలంటే ఉమ్దానగర్ స్టేషనుకు పోవాలి, అది అప్పుడు కర్నూలు వైపు పోయే మీటరు గేజి లైను. ఇంట్లో పెండ్లి కుదిరితే మా నాన్నగారు కబురు పెట్టేవారు. మేరాయన మిషనును ఎడ్లబండి మీద వేసుకొని కొడుకును వెంటబెట్టుకొని వచ్చి మా అరుగు మీద నాలుగైదు దినాలు కూర్చునేవాడు. ఆ నాలుగు దినాలు ఆయన భోజనం మా ఇంట్లోనే. కూలి కొంత రొక్కం, కొంత పంటల కాలంలో గింజలు. మా నాన్నగారు బడిపంతులు కాబట్టి గింజలు తక్కువ, రొక్కం కూడా తక్కువే. ఆయన ఏనాడూ తగువు పెట్టలేదు, ఆయన పిల్లలిద్దరూ మా నాన్నగారి బడిలోనే ఉండేవారు.

ఆయన కొలత తీసే పద్ధతి చూడవలసింది. మనిషిని అరుగు దిగి నేల మీద నిలబడమనేవాడు. ముందు టేపు తీయడు. ఒకసారి ముందు నుండి, ఒకసారి వెనుక నుండి చూసేవాడు. "చేతులు వదిలెయ్యి, నా దిక్కు చూడకు, ఆ యాపచెట్టు దిక్కు చూడు" అనేవాడు. ఆయన దిక్కు చూస్తే తల వంగి మెడ కొలత, వీపు పొడవు మారిపోతాయి. ఇంత చిన్న మాటలో ఎంత విద్య ఉందో నాకు డెబ్బై ఏళ్ళు వచ్చాక తెలిసింది. ఆడవారి కొలతకు టేపు పెట్టేవాడు కాదు. పాత రవిక ఒకటి లోపలి నుండి పంపేవారు. దాన్నే కోస్తావారు ఆది అంటారు, పట్నంలో నాప్. మా తాతగారి తరంలో టేపే లేదట, నూలుదారానికి ముడులు వేసి ఒక్కొక్కరి దారం విడివిడిగా చుట్టి పెట్టేవారని చెప్పేవారు. ఇది మన వెనుకబాటు అనుకోవద్దు. లండను దర్జీలు కూడా 1800 ప్రాంతం దాకా తోలు పట్టీకో, కాగితం పట్టీకో గాట్లు పెట్టి కొలతలు గుర్తుంచుకునేవారు. ఒక్కో ఖాతాదారుకు ఒక్కో పట్టీ. అంగుళాలు అచ్చు వేసిన టేపు ఆ తరువాతదే.

పిల్లల బట్టల విషయంలో ఆయన ఒక మాట తప్పకుండా అనేవాడు: "పిల్లగానికి రెండంగుళాలు లోపల ఇడుస్తున్న పంతులుగారూ, వచ్చే దసరాకు గూడ వస్తది." ఆ రెండంగుళాలు లోపల మడిచి కుట్టి ఉండేవి. మరుసటి ఏడు కుట్టు విప్పితే చొక్కా పెరిగేది. విప్పినచోట రంగు ముదురుగా కొత్తగా ఉండి, మా తరం పిల్లలందరి లాగుల అడుగున ఒక గీత కనిపించేది. దాన్నిబట్టి వాడు ఏడాదిలో ఎంత పెరిగాడో బడిలో తెలిసిపోయేది. ఈ లోపల వదిలిన బట్ట సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ చెప్పవలసి వస్తుంది.

కుట్టు మిషను గురించి రెండు మాటలు. అమెరికాలో సింగర్ 1851లో పేటెంటు పొందాడు. యంత్రాల పట్ల విముఖుడైన గాంధీగారు సైతం 1924లో ఒక సంభాషణలో సింగర్ మిషనును మినహాయించారు, అది మనిషికి నిజంగా ఉపయోగపడే కొద్ది వస్తువులలో ఒకటని. 1930ల నడుమ కలకత్తాలో ఉషా మిషను తయారీ మొదలైంది. మేరాయన మిషను నల్లది, దాని మీద బంగారు రంగు పువ్వులు. మా నాన్నగారి జీతం కన్నా దాని వెల ఎక్కువ అని మా అమ్మ అనేది.

మెట్రిక్ చట్టం 1956లో వచ్చి, 1958 అక్టోబరు నుండి విడతలుగా అమలైంది. బట్టల దుకాణం మీటరులోకి మారింది. మీటరంటే 39.37 అంగుళాలు, గజం కన్నా మూడు అంగుళాల చిల్లర ఎక్కువ. దర్జీ మాత్రం మారలేదు. ఈనాటికీ బట్ట మీటర్లలో కొంటాం, కొలత అంగుళాల్లో ఇస్తాం. టేపుకు ఒకవైపు 60 అంగుళాలు, రెండోవైపు 150 సెంటీమీటర్లు. ఆ రెండో వైపు చూసిన దర్జీని నేను చూడలేదు. నా ఉద్దేశంలో ఇది మొండితనం కాదు. అంగుళానికి అర, పావు, అరపావు అని సగాలు చేసుకుంటూ పోవచ్చు. దర్జీ బట్టను మడతలు పెట్టి సగాలుగానే కత్తిరిస్తాడు.

1960లు, 70లలో టెరీకాటన్ వచ్చింది. నూలు బట్ట కొంటే రాత్రి నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, ముడుచుకునేదంతా ముడుచుకున్న తరువాత కత్తిరించేవారు. టెరీకాటన్ ముడుచుకోదు, నానబెట్టే పని పోయింది. అదే రోజుల్లో దర్జీ అరుగు దిగి రోడ్డు మీద దుకాణం పెట్టాడు. శంషాబాదు బస్టాండు దగ్గర, రాజేంద్రనగర్‌లో, పట్నంలోకి పోతే పత్తర్‌గట్టిలో, ఆబిడ్స్‌లో, సికింద్రాబాదు జనరల్ బజారులో. బెల్‌బాటం, సఫారీ సూటు ఆ దుకాణాల అద్దాలలోనే మనం మొదట చూసుకున్నాం. పండుగ అడ్వాన్సు తీసుకొని కుటుంబం మొత్తానికి ఒకే తాను నుండి బట్ట తీయడం మన గుమాస్తా కుటుంబాల ఆచారం. అన్నదమ్ములందరం ఒకే గీతల చొక్కాలతో బయలుదేరేవాళ్ళం.

ఆఫీసులో అటెండర్లకు యూనిఫారం బట్ట, కుట్టుకూలి మంజూరు చేసే ఫైలు కొన్నాళ్ళు నా సీటులో ఉండేది. ఆరడుగుల అటెండరుకూ, ఐదడుగుల అటెండరుకూ ఒకటే మీటర్లు. ఉత్తర్వులో ఒంటి కొలత అన్న కాలమే లేదు. పొడవాయన పాపం పొట్టి ప్యాంటుతో తిరిగేవాడు, పొట్టాయన మిగిలిన ముక్కతో కొడుక్కి లాగు కుట్టించేవాడు. దీని మీద ఒక నోటు పెట్టాను. "ఆర్థిక భారం దృష్ట్యా పరిశీలించబడదు" అని తిరిగి వచ్చింది.

దుకాణపు దర్జీకి ఒక నోటుబుక్కు ఉండేది. పేరు, తేదీ, నిలువుగా అంకెలు, పక్కన తన గుర్తులు. కుడిభుజం పల్లం, వీపు గూను, పొట్ట ముందుకు. వీటిని టేపు చెప్పదు, కన్ను చెప్పాలి. ముప్పై ఏళ్ళు ఫైళ్ళ సంచి ఒకే భుజాన మోసిన గుమాస్తాకు ఆ భుజం అర అంగుళమైనా క్రిందికి ఉంటుంది. మంచి దర్జీ ఆ వైపు భుజానికి పలుచని అట్ట పెట్టి సరిచేసేవాడు, మనకు చెప్పేవాడు కూడా కాదు. ఏ ఏట పెండ్లైందో, ఏ ఏట షుగరు వచ్చిందో ఆ పుస్తకంలో నడుము అంకె చూసి చెప్పవచ్చు.

1990లలో రెడీమేడ్ వచ్చింది. 38, 40, 42 అన్న సైజులు. ఇవి అమెరికా అంతర్యుద్ధ కాలంలో లక్షల మంది సైనికులకు ఒకేసారి యూనిఫారాలు కుట్టవలసి వచ్చినప్పుడు బలపడిన పద్ధతి. మన దేశపు మనిషికి మన కొలతలతో సైజుల పట్టిక ఉండాలని నిఫ్ట్ సంస్థ ద్వారా కేంద్ర ప్రభుత్వం 2018లో ఒక సర్వే ప్రకటించింది. ఆరు నగరాలలో 25,000 మందిని యంత్రంతో కొలవాలని, అందులో హైదరాబాదు ఒకటి. అయితే వయసు 15 నుండి 65 వరకే. మన సంఘ సభ్యులలో ఒక్కరికీ అర్హత లేదు! 65 దాటినవాడు బట్ట కట్టడా అని అడగబుద్ధి అవుతుంది.

ఇక విమానాశ్రయం. 2005లో శంకుస్థాపన, 2008 మార్చి 23 నుండి విమానాలు బేగంపేట వదిలి శంషాబాదులో దిగడం మొదలైంది. సుమారు 5,500 ఎకరాలు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. ఆ కొలతలతో ఎన్ని ఇండ్ల కథలు ముడిపడ్డాయో అది వేరే వ్యాసం. 2009 అక్టోబరులో మెహదీపట్నం నుండి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్ల పైచిలుకు ఎక్స్‌ప్రెస్ వంతెన వచ్చింది. దారి పొడుగునా పెద్ద షోరూములు వచ్చాయి. విమానాశ్రయంలో సెక్యూరిటీ, డ్రైవర్లు, హోటలు, సామాను మోసేవారు – వేలమందికి యూనిఫారాలు కావాలి. మా వైపు దర్జీలు ఆశపడ్డారు. కానీ అవి సైజుల లెక్కన మూటలుగా వస్తాయి. స్థానిక దర్జీకి మిగిలింది ఆ ప్యాంటుల అడుగు కత్తిరించి కుట్టే పని. మా మేరాయన మనుమడు శంషాబాదులో గల్లీలో చిన్న దుకాణంలో ఆ పని చేస్తాడు. అతనికీ అరవై దాటింది. కొడుకు విమానాశ్రయంలోనే ఉద్యోగం, అదీ రెడీమేడ్ యూనిఫారంలో. ఒక చిత్రం చెప్పాలి. హజ్ యాత్రికులు ఈ విమానాశ్రయం నుండే పోతారు. మగవారు ధరించే ఇహ్రాం రెండు కుట్టని బట్టలు. గుండీ లేదు, బొందు లేదు, కొలత లేదు. మన పంచె, ఉత్తరీయం వరసే.

2019లో మా మేనల్లుడి కొడుకు పెండ్లికి అమెరికా పోవలసి వచ్చింది. నా అంత పెద్దవాడు ఆ వరుసలో ఇంకెవరూ లేరు, పెండ్లి పీటల దగ్గర నేనే కూర్చోవాలి. చలి దేశం, కోటు ఉండాలన్నారు. ఒక కంపెనీ (పేరెందుకు) ఫోనులో ఫారం పంపింది. మా ఇంటావిడ టేపు పట్టింది, మనుమరాలు వ్రాసింది, అన్నీ రెండుసార్లు కొలిచి సరిచూశారు. కోటు విమానానికి మూడు రోజుల ముందు వచ్చింది. గుండీ పెడితే ఊపిరి ఆడదు, చేతులు మణికట్టుకు ఒకటిన్నర అంగుళం పైన ఆగిపోయాయి. అడిగితే మీరిచ్చిన కొలతలకే కుట్టాం అన్నారు. అదీ అబద్ధం కాదు. కాని ఛాతీ 38 అంటే ఒంటి ఛాతీ 38. దాని మీద కోటుకు నాలుగు అంగుళాల వదులు ఉండాలి. వాళ్ళు రెండే వదిలారు. నా వీపు ఇప్పుడు కొంచెం వంగింది. వంగిన వీపు బట్టను వెనక్కి లాక్కుంటుంది, చేయి పైకి పోతుంది. ఫారంలో వీపు అన్న గడే లేదు.

శంషాబాదు తీసుకుపోయాను. అతను కోటును తిప్పి లోపల చూశాడు. "ఇండ్ల బట్టనే ఇడువలె సార్. పావు అంగుళం ఉన్నది. మా తాతైతే తిడుతుండె." మేరాయన అరుగు మీద వదిలిన రెండంగుళాలు అప్పుడు నాకు గుర్తొచ్చాయి. కంపెనీవాడికి ఆ రెండంగుళాలు వేల కోట్లలో లెక్క, ఖాతాదారుకు అదే కోటు బ్రతుకు. ఆయన చేతుల మడత విప్పి, లోపలికి వేరే గుడ్డ పట్టీ వేసి, ఒక అంగుళం దించాడు. గుండీలు ముప్పావు అంగుళం జరిపాడు. దుకాణం మూసే వేళ దాటింది. పీటల దగ్గర గుండీ పెట్టకుండానే కూర్చున్నాను, చేతులు మాత్రం నిండుగా ఉన్నాయి.

అందుచేత ఇంట్లో కొలత ఇవ్వదలచిన సభ్యులకు అతని దగ్గర నేను అడిగి వ్రాసుకున్నవి మనవి చేస్తాను. టేపు కొత్తదై ఉండాలి. ప్లాస్టిక్ టేపు వాడి వాడి సాగుతుంది, ఇనుప స్కేలు పక్కన పెట్టి సరిచూడాలి. ఎవరికి వారు కొలుచుకోరాదు. టేపు చూడడానికి తల వంచితేనే వీపు మారుతుంది, చేయి ఎత్తితే భుజం మారుతుంది. పలుచని చొక్కా మీద, జేబులు ఖాళీ చేసి, చేతులు వదిలేసి, వేపచెట్టు లేకపోతే ఎదుటి గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడాలి. పొట్ట లోపలికి పీల్చరాదు. మన వయసులో దీనికి కొంత ధైర్యం కావాలి. ఛాతీకి టేపు చంకల క్రింద నుండి, వెనుక జారకుండా అడ్డంగా పోవాలి, లోపల రెండు వేళ్ళు ఆడాలి. భుజం ఎముక కొస నుండి కొస దాకా వెనుక వైపున కొలవాలి. చేయి కొంచెం మోచేయి వంచి, భుజం కొస నుండి మోచేతి మీదుగా మణికట్టు ఎముక దాకా. రెండు చేతులూ విడిగా కొలవాలి, రెండూ సమానంగా ఉండవు. నిలువు పొడవు ముందు ఒకటి, వెనుక ఒకటి. వీపు వంగినవారికి వెనుకది ఎక్కువ వస్తుంది, ఆ తేడా తప్పక వ్రాయాలి.

ప్యాంటుకు అన్నిటికన్నా చిక్కు నడుము. మన తరం బొడ్డు మీద కడుతుంది, ఈ కాలపు ప్యాంటు బొడ్డుకు మూడు వేళ్ళ క్రింద నిలుస్తుంది. ఎక్కడ కడతామో అక్కడే కొలవాలి, ఎక్కడ కొలిచామో వ్రాయాలి. తొడ లోపలి నుండి మడమ దాకా ఒకటి, బయట నడుము పట్టీ నుండి ఒకటి. ఈ రెంటి తేడాయే పాత దర్జీల ఆసన్. కూర్చుంటే పట్టేసేది అక్కడే. మోకాళ్ళ నొప్పులున్నవారు కూర్చొని కూడా నడుము కొలిపించుకుంటే మేలు, కూర్చున్నప్పుడు అది పెరుగుతుంది.

సర్వీసు రిజిస్టరులోని ఎత్తును చూసి పొడవు వ్రాయకండి. నలభై దాటిన తరువాత పదేళ్ళకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున మనిషి తగ్గుతాడని వైద్యులు చెప్తారు. నా రిజిస్టరులో 167 అని ఉంది, ఇప్పుడు కొలిస్తే 163. అన్నిటికన్నా మంచిది, మనకు బాగా పట్టిన పాత చొక్కా ఒకటి బల్ల మీద పరచి దాని కొలతలు కూడా తీయడం. ఆది అన్నది అదే. కాగితం మీద ఒకవైపు "ఒంటి కొలత", రెండోవైపు "బట్ట కొలత" అని తలకట్టు పెట్టి విడిగా వ్రాస్తే, ఛాతీ 38 అంటే ఏ 38 అన్న తగువు రాదు. కంపెనీవారు లోపల ఎంత బట్ట వదులుతారో ముందే అడగండి. సమాధానం రాకపోతే బట్ట కొని గల్లీలోని దర్జీ దగ్గరకే పోవచ్చు. పూర్తి చేతుల చొక్కాకు చిన్న పన్నా బట్టైతే రెండున్నర మీటర్లు, ప్యాంటుకు పెద్ద పన్నా ఒకటింబావు మీటరు సరిపోతుంది. పొట్ట ఉన్నవారు మరొక పది సెంటీమీటర్లు.

కాగితం అడుగున తేదీ వేసి, కొలిచినవారి చేత సంతకం పెట్టించండి. నవ్వులాటకు కాదు, మన వయసులో ఆరు నెలల క్రితపు నడుము ఈరోజుకు పనికిరాదు.